ఐపీ పెట్టే ముందు, పెట్టిన తర్వాత

జిల్లా పేజీల్లో కోర్టు నోటీసులు చదివే అలవాటున్నవాళ్లు ఐపీ నోటీసును చూడగానే గుర్తుపడతారు. పిటిషనరు ఒక్కరే ఉంటారు, రెస్పాండెంట్ల జాబితా మాత్రం బారెడు ఉంటుంది. అందులో ఒకటో రెండో బ్యాంకులు, ఓ ఫైనాన్సు కంపెనీ ఉంటే ఉండొచ్చు. మిగతావన్నీ ఇంటిపేర్లతో సహా మనుషుల పేర్లే: అదే వీధివాళ్లు, పక్క ఊరివాళ్లు, ఒక్కోసారి అదే ఇంటిపేరువాళ్లు. రిటైరైన మాస్టారు ఒకరు, భర్త పోయాక చేతికొచ్చిన డబ్బును రెండు రూపాయల వడ్డీకి తిప్పుకుంటున్న ఆవిడ ఒకరు, పిల్ల పెళ్లికని దాచుకున్నది నమ్మి ఇచ్చిన స్నేహితుడు ఒకరు. మన దగ్గర దివాలా ఇంత లోతుగా ఎందుకు కోస్తుందో ఆ జాబితాను చూస్తే తెలుస్తుంది.

అప్పు మనకు కొత్త కాదు. 2019లో జాతీయ నమూనా సర్వే లెక్క తీస్తే ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తమ్మీద అది 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటు బాకీ 2,45,554 రూపాయలు, రాష్ట్రాలన్నింటిలోకీ ఎక్కువ. అయితే అప్పు ఉండటం వేరు, ఇక తీర్చలేమన్న స్థితి వేరు. వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేసిన రోజునే ఆ స్థితి మొదలవుతుంది. ఆ సంగతి మనిషికి లోలోపల తెలుస్తూనే ఉంటుంది కానీ, పైకి ఒప్పుకోవడానికి రెండేళ్లో మూడేళ్లో పడుతుంది. అసలు నష్టమంతా జరిగేది ఆ మధ్యకాలంలోనే అని నేను నమ్ముతున్నాను. ఐపీ పెట్టడం తప్పా ఒప్పా అని మనం చాలా వాదించుకుంటాం గానీ, ఎప్పుడు పెట్టారు, ఏమైనా దాచారా అన్న రెండు విషయాలే ఆ కుటుంబం తర్వాత ఎలా బతుకుతుందో తేలుస్తాయి.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. బాకీదారు తాను ఉండే చోటో వ్యాపారం చేసే చోటో ఉన్న కోర్టులో వేయాలి. మన జిల్లాల్లో ఇవి ఎక్కువగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో నడుస్తాయి. అప్పులు తీర్చలేననీ, అవి 500 రూపాయలకు తక్కువ కావనీ చూపిస్తే చాలు, పిటిషన్ వేసే అర్హత వస్తుంది. డిక్రీ కింద అరెస్టయినా, ఆస్తి జప్తులో ఉన్నా వేయొచ్చు. అప్పిచ్చినవాళ్లు కూడా బాకీదారు మీద వేయొచ్చు. అతను ఆస్తిని చాటుగా బదలాయించడం, ఊరొదిలి పోవడం లాంటి పని చేసిన మూడు నెలల లోపు వాళ్లు కోర్టుకెక్కాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే అతని ఆస్తి మొత్తం కోర్టుకు గానీ అధికార రిసీవరుకు గానీ దఖలు పడుతుంది. రిసీవరు దాన్ని అమ్మి అప్పులవాళ్లకు దామాషాగా పంచుతాడు. అక్కడి నుంచి కోర్టు అనుమతి లేకుండా ఆ బాకీల మీద విడిగా దావా వేయడానికి వీల్లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పిటిషన్‌కు నంబరు పడగానే అప్పులవాళ్ల నోళ్లు మూతపడతాయనుకుంటారు. దావాలకు అడ్డుకట్ట పడేది కోర్టు దివాలాదారుగా ప్రకటించాకే. ఈ లోపు వాయిదాలు, అప్పులవాళ్ల అభ్యంతరాలు, క్రాస్ ఎగ్జామినేషన్లు చాలా కాలమే సాగుతాయి.

చట్టం ఎంత పాతదో చెప్పడానికి అందులోని అంకెలే చాలు. విడుదల పొందని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయల అప్పు తీసుకున్నా నేరమే, ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. పంపకంలో నౌకర్ల జీతాలకు ముందుపీట వేసింది, కానీ ఒక్కొక్కరికి 20 రూపాయలకు మించకుండా. దీని స్థానంలో కొత్త ఏర్పాటు 2016లో ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ మూడో భాగంగా వచ్చింది. అయితే 2019 డిసెంబర్ 1 నుంచి దాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే అమలులోకి తెచ్చారు. ఆ పెద్ద హామీదారుల మీద సుప్రీంకోర్టు 2021లో ఒకసారి, 2023లో ఒకసారి తీర్పులు చెప్పింది. కిరాణా కొట్టువాడికీ, కౌలు రైతుకూ, ఆటో నడిపేవాడికీ 1920 చట్టమే దిక్కు.

ఇక నిర్ణయం సంగతి. ఒక చిన్న పట్టణంలో కిరాణా వ్యాపారి ఉన్నాడనుకుందాం. మొత్తం బాకీ 40 లక్షలు. అందులో ఇంటి మీద బ్యాంకు రుణం 12 లక్షలు. చీటీ పాడి ఎత్తుకున్నది కట్టకుండా మిగిలింది 5 లక్షలు, దానికి ఇద్దరు స్కూలు టీచర్లు ష్యూరిటీ సంతకం పెట్టారు. ప్రామిసరీ నోట్ల మీద 18 లక్షలు. సరుకు తెచ్చిన హోల్‌సేల్ వ్యాపారికి చెక్కులిచ్చి నిలిపిన బాకీ 3 లక్షలు. భార్య పేరు మీద గ్రూపు లోన్లు 2 లక్షలు. రెండు రూపాయల లెక్కన నోట్ల వడ్డీ ఒక్కటే నెలకు 36 వేలు, ఏడాదికి 4 లక్షల 32 వేలు. కొట్టు మీద అంత రాదు. మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాస్తారు, కట్టగా మిగిలిన వడ్డీని అసలులో కలిపేస్తారు, అలా 18 లక్షలు 25 అవుతాయి.

ఇతను ఐపీ పెడితే ఏమవుతుంది? ఇంటి రుణానికి ఏమీ కాదు. తాకట్టు పెట్టించుకున్నవాళ్లు ఆ తాకట్టు ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కును ఈ చట్టం ముట్టుకోదు. బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి ఇంటి మీదికి రాగలదు. చీటీ బాకీ నుంచి అతను బయటపడొచ్చు, కానీ ష్యూరిటీలు బయటపడరు. హామీదారులకు దివాలాదారుడి విడుదల వర్తించదని చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి ఇతను కోర్టు మెట్లెక్కిన నాటి నుంచి ఆ ఇద్దరు టీచర్ల జీతాల జప్తుకు దారి తెరుచుకుంటుంది. చెక్కుల బాకీ ఇంకో దారిన పోతుంది: చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా. ఐపీ వేశాం కదా అని ఆ క్రిమినల్ కేసు దానంతటదే ఆగదు. భార్య తీసుకున్న గ్రూపు లోను ఆమె బాకీయే, భర్త పిటిషన్ దాన్ని కప్పదు. ఆమె కట్టలేకపోతే గ్రూపులోని మిగతా ఆడవాళ్ల మీద ఒత్తిడి పడుతుంది. చివరికి 40 లక్షల్లో ఐపీ నిజంగా పనికొచ్చేది నోట్ల మీది ఆ 18 లక్షలకు.

అదైనా తక్కువేం కాదు. ఇతని కుటుంబాన్ని నిద్రపోనివ్వకుండా చేస్తున్నవి ఆ నోట్లే. కానీ పిటిషన్ వేసేముందు ఇలా ఒక్కొక్క బాకీనీ విడగొట్టి చూడాలి: దేనికి తాకట్టు ఉంది, దేనికి ఇంకొకరి సంతకం ఉంది, దేనికి చెక్కు ఇచ్చాం, ఏది ప్రభుత్వానికి కట్టాల్సింది. ప్రభుత్వ బకాయిలు, మోసంతో తెచ్చిన అప్పులు, కోర్టు వేసిన మనోవర్తి విడుదల వచ్చాక కూడా పోవు. తాకట్టు అప్పులూ హామీ అప్పులూ ముప్పాతిక వంతు ఉన్న మనిషికి ఐపీ వల్ల దక్కేది కొంచెం, పోయేది చాలా. చేబదుళ్లు, నోట్లు, క్రెడిట్ కార్డులు, యాప్ లోన్లు ఎక్కువున్నవాడికి అది నిజంగా ఊపిరి.

హామీ సంతకం పెట్టినవాళ్లకు ముందుగా చెప్పడం గురించి ఒక మాట. చట్టం దాన్ని అడగదు. అయినా ఆ టీచర్లకు కోర్టు సమన్ల ద్వారా కాకుండా ఇతని నోటి నుంచే తెలియాలి. చీటీ కంపెనీతో వాయిదాలు మాట్లాడుకోవడానికో, తమ పూచీకి సరిపడా ఏదైనా అడిగి తీసుకోవడానికో వాళ్లకు సమయం దొరుకుతుంది. ఊళ్లో మళ్లీ తలెత్తుకు తిరగడం చాలావరకు ఈ ఒక్క పని మీదే ఆధారపడి ఉంటుంది.

దాచడం గురించి. ఐపీకి మన ప్రాంతంలో వచ్చిన చెడ్డపేరంతా ఇక్కడి నుంచే వచ్చింది. పొలం బావమరిది పేర, ఇల్లు భార్య పేర రాసేసి, బంగారం అత్తగారింటికి పంపి, తర్వాత తీరిగ్గా కోర్టుకెళ్లేవాళ్లు ఉన్నారు. నిజమైన అప్పులవాళ్ల వాటా తగ్గించడానికి లేని బాకీలు సృష్టించి, తనవాళ్లనే అప్పులవాళ్లుగా చూపించేవాళ్లూ ఉన్నారు. చట్టం వీళ్లను ఊహించే రాసింది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు చేసిన బదలాయింపు మంచి నమ్మకంతో తగిన ప్రతిఫలానికి జరిగింది కాకపోతే రిసీవరు దాన్ని కొట్టేయించగలడు. పెళ్లికి ముందు పెళ్లి నిమిత్తం రాసిచ్చినదానికి మినహాయింపు ఉంది. కూతురు కాపురానికి వెళ్లిన ఎన్నాళ్లకో పసుపు కుంకుమల పేరుతో రాసిన ఎకరానికి ఆ రక్షణ దొరకదు. కడపటి మూడు నెలల్లో మిగతావాళ్లను పక్కనబెట్టి ఒకరికి మాత్రం బాకీ తీరిస్తే అదీ నిలవకపోవచ్చు. లెక్కల పుస్తకాలు చింపేసినా, ఆస్తి దాచినా ఏడాది దాకా జైలు. శిక్ష మాట అటుంచితే, ఒక్క దస్తావేజు దాచాడని తేలిన రోజున అతను నిజం చెప్పిన మిగతా పాతిక విషయాలనూ ఎవరూ నమ్మరు.

అప్పులవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. మిర్చో పత్తో అమ్మి, డబ్బు కమీషన్ వ్యాపారి దగ్గరే ఉంచిన రైతుకు ఆ వ్యాపారి ఐపీ పెడితే ఒక ఏడాది కష్టమంతా కోర్టు కాగితాల్లోకి పోతుంది. వచ్చే పంటకు విత్తనాల కోసం ఆ రైతు ఇంకో చోట అప్పు చేస్తాడు. ఒకరి దివాలా ఇలా పది ఇళ్లకు పాకుతుంది. అందుకే అప్పులవాళ్లు ఇంటి గుమ్మంలో కూర్చున్నప్పుడు వాళ్లందరినీ వడ్డీ రాబందులుగా చూడటం నాకు చేతకాదు. అలాగని 2015 డిసెంబర్‌లో విజయవాడలో బయటపడిన కాల్ మనీ దారుణాలను మరచిపోలేం. బాకీ పేరుతో ఆడవాళ్లను వేధించిన ముఠాలకూ, నమ్మి చేబదులిచ్చిన పక్కింటాయనకూ చట్టం ముందు ఒకే హోదా ఉంది: ఇద్దరూ జాబితాలో ఒక వరస. బాకీదారు మనసులో మాత్రం ఆ తేడా ఉండాలి. తర్వాత ఎప్పుడైనా నాలుగు డబ్బులు కూడితే ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో అది చెబుతుంది. చట్టరీత్యా తీరిపోయిన బాకీని ఇష్టపూర్వకంగా తీర్చడాన్ని ఏ చట్టమూ ఆపదు.

ఐపీ దాకా వెళ్లకుండా ఆగే దారులు ఉన్నాయి, కాకపోతే అవన్నీ ఆస్తి ఇంకా చేతిలో ఉన్నప్పుడు పనికొచ్చేవే. పెద్దమనుషుల్లో పెట్టి వడ్డీ ఆపించుకుని అసలును వాయిదాలుగా కట్టే ఒప్పందాలు పల్లెల్లో ఈనాటికీ జరుగుతున్నాయి. వీటిలో ప్రమాదమల్లా కాగితం లేకపోవడమే. డబ్బిచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, మొత్తం తీరితే నోటు వెనక్కి తీసుకోవాలి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోవాలి. ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో పెట్టిస్తే అది డిక్రీతో సమానం, మాట మార్చడానికి ఉండదు. బ్యాంకులు వన్ టైమ్ సెటిల్‌మెంట్‌కు ఒప్పుకుంటాయి గానీ, క్రెడిట్ రిపోర్టులో పూర్తిగా కట్టినట్టు కాకుండా సెటిల్ చేసుకున్నట్టు పడుతుంది, ఆ మచ్చ కొన్నేళ్లు ఉంటుంది. ఆంధ్ర ప్రాంతంలో వ్యవసాయదారుల బాకీల మీద వడ్డీని కోర్టు తగ్గించడానికి 1938 నాటి రుణ విమోచన చట్టం ఒకటుంది. కోర్టుకెక్కిన రైతు తరఫున దాన్ని ఎత్తి చూపించమని వకీలును అడగాలి. వకీలుకు ఇచ్చుకోలేనివాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

అన్నింటికన్నా కఠినమైన దారి పొలమో స్థలమో ముందే అమ్మేయడం. తాతల నాటి రెండెకరాలు అమ్మడానికి మనసొప్పక, దాన్ని కాపాడుకోవడానికని నెలనెలా వడ్డీలు కట్టి, చివరికి ఆ రెండెకరాలతో పాటు ఇల్లూ పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అమ్మకం మీ చేతుల్లో ఉన్నప్పుడు వచ్చే ధర వేరు, రిసీవరు వేలంలో వచ్చే ధర వేరు.

భయాల్లో కొన్ని నిజం, కొన్ని కావు. బాకీకి జైలు అన్నది పెద్ద భయం. సివిల్ బాకీకి డిక్రీ వచ్చాక అరెస్టుకు వీలుంది, గరిష్ఠం మూడు నెలలు. కానీ చేతిలో డబ్బుండి ఎగ్గొడుతున్నవాడికే అది వర్తిస్తుందనీ, నిజంగా లేనివాణ్ణి లేమికి శిక్షించకూడదనీ 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికి చట్టమే ఒప్పుకోదు. ఇంట్లోని సామాన్లన్నీ మోసుకుపోతారన్నది ఇంకో భయం. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు సాగుకు వాడే పనిముట్లు, ఎడ్లు, మెడలోని మంగళసూత్రం, ప్రావిడెంట్ ఫండు, ప్రభుత్వ పింఛను, జీవిత బీమా పాలసీ సొమ్ము జప్తుకు రావు, దివాలా ఆస్తిలోకీ రావు. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ఉద్యోగికే. తండ్రి బాకీ కొడుకుల నెత్తిన పడుతుందన్న భయానికి కూడా చాలావరకు ఆధారం పోయింది: 2005 వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకు, కొడుకు ధర్మమన్న కారణం ఒక్కటే చూపి కొడుకుల మీదికి వెళ్లడానికి లేదు. పిల్లలు సొంతంగా సంతకం పెట్టకుండా చూసుకోవాలి, అంతే.

ఇక ఇల్లు. దివాలా తీసేది సాధారణంగా మగవాడు, అప్పులవాళ్లకు జవాబు చెప్పేది అతని భార్య. అతను ఫోను ఆపేసి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతే, గుమ్మం ముందు కూర్చున్నవాళ్లకు మంచినీళ్లిచ్చి మాటలు పడేది ఆమె. ఎన్ని అప్పులున్నాయో ఆమెకు మొదటిసారి తెలిసేది కూడా అప్పుడే. నన్నడిగితే, వకీలు దగ్గరికి వెళ్లేముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక నోటుపుస్తకంలో బాకీలన్నీ రాయాలి. చెప్పడానికి సిగ్గుపడి దాచిన ఆ చివరి రెండు పేర్లు కూడా రాయాలి. ఆ పుస్తకమే రేపు కోర్టు అడిగే షెడ్యూలు అవుతుంది. ఆ రోజు నుంచి కొత్త అప్పు వద్దు, కొత్త చెక్కు వద్దు, చుట్టాల బంగారం తెచ్చి తాకట్టు పెట్టడం వద్దు. పిల్లలకు వయసుకు తగినంత చెప్పాలి. బడిలో ఇంకొకరి నోటి నుంచి విని రావడం కన్నా ఇంట్లో వినడం నయం.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. యాప్ లోన్లవాళ్లు ఫోనులోని నంబర్లన్నిటికీ మెసేజీలు పెట్టి పరువు తీస్తామంటే అది నేరం, పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు, మనం బాకీ ఉన్నాం కాబట్టి మనకు హక్కుల్లేవనుకుంటారు.

జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా వేసే ఆత్మహత్యల నివేదికలో దివాలా, రుణభారం అని ఒక వరస విడిగా ఉంటుంది. ప్రతి ఏడూ ఆ గడిలో వేల ప్రాణాలు. ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మాటలు తగ్గించినా, నేను లేకపోతే మీకు పీడ పోతుందన్న మాట ఒక్కసారి అన్నా, ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి. పురుగుమందు ఇంట్లో ఉంటే బయటకు చేర్చండి. 14416 టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు. అప్పుకు కోర్టులో ఒక దారి ఉందన్న సంగతి ఆ మనిషికి తెలియకపోవడం వల్ల ప్రాణం పోకూడదు. ఈ వ్యాసం రాయడానికి నాకున్న కారణాల్లో ఇది మొదటిది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దివాలా అంటే చాప్టర్ 7, చాప్టర్ 13. అక్కడ పిటిషన్‌కు ముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ తప్పనిసరి, చాప్టర్ 7 పదేళ్లు క్రెడిట్ రిపోర్టులో ఉంటుంది. అయితే పిటిషన్ వేసింది అక్కడైనా, ఊళ్లో తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి ఇక్కడి బ్యాంకులో తీసుకున్న చదువు రుణానికి తండ్రి బాధ్యత అలాగే ఉంటుంది. కొడుకు అక్కడ తేలికపడినా నోటీసు ఇక్కడికే వస్తుంది. ముందు ఆ రుణం సంగతి తేల్చుకుని తర్వాత అక్కడి వకీలును కలవడం మంచిది.

దివాలాదారుగా ప్రకటించాక కూడా కథ అయిపోదు, అసలు మెట్టు విడుదల. ఎన్నాళ్లలోపు దానికి దరఖాస్తు పెట్టుకోవాలో కోర్టు తన ఉత్తర్వులోనే రాస్తుంది. ఆ గడువు దాటితే మొత్తం ప్రకటనే రద్దయి, అప్పులవాళ్లందరూ మళ్లీ మొదటికొస్తారు. ఆస్తి రూపాయికి 50 పైసల విలువైనా చేయకపోతే, దానికి తన తప్పు లేదని అతను చూపాలి. లెక్కలు రాయకపోయినా, జూదం, అడ్డగోలు స్పెక్యులేషన్, ఆడంబరం వల్ల మునిగినా బేషరతు విడుదల రాదు. కోర్టు షరతులు పెడుతుంది, లేదా వాయిదా వేస్తుంది. పెళ్లికి చేసిన ఖర్చును ఆడంబరమని అప్పులవాళ్ల వకీలు వాదించే సందర్భం రావచ్చు, దానికి సిద్ధపడాలి. విడుదల వచ్చేదాకా ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు రాజ్యాంగమే అనర్హుణ్ణి చేస్తుంది. కేంద్ర ఉద్యోగి అయితే దివాలా సంగతి తన శాఖకు చెప్పాలని 1964 ప్రవర్తనా నియమాలు అంటాయి.

2016 కోడ్‌లో ఫ్రెష్ స్టార్ట్ అని ఒక మంచి ఆలోచన ఉంది: బాగా పేదవాడికి ఆస్తి వేలాలేమీ లేకుండా చిన్న బాకీలు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టనివ్వడం. కానీ అర్హతలు చూడండి. ఏడాది ఆదాయం 60 వేలు దాటకూడదు, ఆస్తులు 20 వేలు, బాకీలు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఈ గీతల మధ్య మన కిరాణా వ్యాపారే కాదు, రెండు గ్రూపు లోన్లున్న రోజు కూలీ కూడా పట్టదు. పైగా అదింకా సామాన్యుల గడప తొక్కనే లేదు. ఆ అంకెలను ఇప్పటి ధరలకు, ఇప్పటి అప్పులకు తగ్గట్టు పెంచి మూడో భాగాన్ని అందరికీ అమలు చేయాలి. అది రుణ వసూలు ట్రిబ్యునళ్ల చేతికి వెళ్తుంది కాబట్టి, విశాఖకో హైదరాబాదుకో తిరగలేని మనిషికి జిల్లా కేంద్రంలోనే వినే ఏర్పాటు చేయాలి. అప్పుల సలహా చెప్పడానికి ప్రతి న్యాయ సేవాధికార సంస్థలో జీతం మీద ఒక మనిషి ఉండాలి. వడ్డీ కట్టడానికి కొత్త అప్పు చేసిన ఆ మొదటి నెలలోనే వెళ్లి కూర్చుని లెక్క చెప్పుకోగలిగిన చోటు ఈ రోజుకీ మన మండలాల్లో లేదు.